వేల్స్‌లో కుక్కని రానిచ్చే కాటేజీ: బీగిల్, ఇద్దరు పిల్లలు, అత్తమామలతో ఈస్టర్ సెలవులు. బుక్ చేయమంటారా?

బ్రూనో వాళ్ళ నాన్న (రెడింగ్) | 9 ఫిబ్రవరి 2025, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు.

ఈస్టర్ సెలవుల్లో ఒక వారం వేల్స్ వెళ్దామనుకుంటున్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు (ఎనిమిదేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు), తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అత్తయ్యగారు, మామయ్యగారు. వీళ్ళతో పాటు బ్రూనో. మూడేళ్ళ బీగిల్. ముక్కుకి ఏదైనా వాసన తగిలిందంటే వాడికి ఇక చెవులు పనిచేయవు.

రేయడర్ అనే ఊరికి నాలుగు మైళ్ళ అవతల, ఈలన్ వ్యాలీ అనే లోయ పక్కన ఒక పాత రాతి ఇల్లు కనిపించింది. మూడు బెడ్‌రూములు, లాగ్ బర్నర్, నాలుగు వైపులా గడ్డి పొలాలు. పైన పెద్దక్షరాలతో ‘డాగ్ ఫ్రెండ్లీ’. కిందికి వెళ్తే చిన్నక్షరాల్లో: కుక్క మేడ ఎక్కకూడదు, సోఫా ఎక్కకూడదు, ఇంట్లో ఒంటరిగా వదలకూడదు, వారానికి 30 పౌండ్లు అదనం. ఇది స్నేహమా, బెయిలు షరతులా?

నా టెన్షన్ రెండు విషయాల్లో. తోట ‘ఎన్‌క్లోజ్డ్’ అని రాశారు, ఫొటోలో గోడేమో నా నడుము దాకా కూడా లేదు. రెండోది అత్తయ్యగారు. కుక్క వంటింట్లో తిరిగితే ఆవిడ ఆ పూట ముద్ద ముట్టరు. ఇక్కడ మా ఇంట్లో బేబీ గేటు అడ్డం పెట్టి నెట్టుకొస్తున్నాం. అక్కడ ఎలా ఉంటుందో ఏమిటో.

వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.

పెనుగొండ పిల్ల (కార్డిఫ్) | 9 ఫిబ్రవరి, రాత్రి 10:55

బుక్ చేసే ముందు ఓనర్‌కి ఒక్క ఫోన్ కొట్టండి అన్నయ్యా. నేను వేల్స్ వచ్చి పదకొండేళ్ళయింది. మా స్పానియల్‌ని వేసుకుని ఇలాంటి ఇళ్ళు ఓ తొమ్మిది తిరిగాం. పల్లెటూళ్ళో ‘ఎన్‌క్లోజ్డ్ గార్డెన్’ అంటే బయటి గొర్రెలు లోపలికి రావని అర్థం. మీ కుక్క బయటికి పోదని కాదు.

ఆ గోడలు సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టినవి. చలికాలంలో ఎక్కడో ఒకచోట జారిపోతాయి. రైతు అక్కడ ఓ పాత చెక్కపలకో, కంచె ముక్కో అడ్డం పెట్టి ఊరుకుంటాడు. గొర్రెకి అది చాలు. కార్మార్థెన్ వైపు ఒకింట్లో మావాడు గేటు కింద సందులోంచి పాములా జారిపోయాడు. దిగి పావుగంట కాలేదు, నేనింకా టీకి నీళ్ళు కూడా పెట్టలేదు. అందుకని గోడ ఎత్తు కాదు, గేటు కింద ఎంత ఖాళీ ఉందో అడగండి. వీలైతే ఫోన్ నేల మీద పెట్టి, కుక్క కంటి ఎత్తులో ఫొటో తీసి పంపమనండి. నవ్వుకుంటారు, కానీ పంపుతారు.

ఒంటరిగా వదలొద్దన్నందుకు తిట్టుకోకండి. కొత్త ఇల్లు, కొత్త వాసనలు, మనుషులు కనపడకపోతే తలుపులు గీకి పెడతాయి. ఆ తలుపులు మన ముత్తాతల వయసువి.

ఇంకోటి, అసలైనది. ఈస్టర్ అంటే గొర్రెలు ఈనే కాలం. చుట్టూ సూడి గొర్రెలు, నిన్నో మొన్నో పుట్టిన పిల్లలు ఉంటాయి. బీగిల్‌ని లీష్ లేకుండా గుమ్మం కూడా దాటనివ్వద్దు.

రెండు లాబ్రడార్లు (మాంచెస్టర్) | 10 ఫిబ్రవరి, ఉదయం 7:31

మరీ భయపెట్టేస్తున్నారు. మేం ఏటా ఉత్తర వేల్స్ వెళ్తాం. మావి రెండూ లీష్ లేకుండానే తిరుగుతాయి, పిలిస్తే వచ్చేస్తాయి, గొర్రెల వంక కన్నెత్తి కూడా చూడవు. సెలవు మనకే కాదు, కుక్కకీ సెలవే కదా. వారమంతా కట్టేసి ఉంచేదానికి అంత దూరం ఎందుకండీ, ఇంటి పక్క పార్కు చాలు.

పెనుగొండ పిల్ల (కార్డిఫ్) | 10 ఫిబ్రవరి, ఉదయం 8:04

చూడవు, చూడవు, ఒకరోజు చూస్తాయి.

ఇది నా చాదస్తం కాదండీ, 1953 నాటి చట్టం. గొర్రెలున్న పొలంలో కుక్క లీష్ లేకుండా, దగ్గరి అదుపులో లేకుండా తిరిగిందా, ఒక్క గొర్రెని ముట్టకపోయినా అది వేధించడం కిందే లెక్క. ‘ఓపెన్ యాక్సెస్’ కొండల మీద, అంటే జనం ఎవరైనా నడవడానికి వదిలిన చోట, మార్చి 1 నుంచి జూలై 31 దాకా లీష్ తప్పనిసరి. అదీ రెండు మీటర్లకి మించకూడదు, సాగే రకం పనికిరాదు. గొర్రెలు దగ్గర్లో ఉంటే ఏడాది పొడుగునా ఇదే రూలు. ఆపడానికి వేరే దారి లేక రైతు కుక్కని కాల్చేసినా, 48 గంటల్లోపు పోలీసులకి చెబితే కోర్టులో అతని పక్షాన వాదన నిలబడుతుంది. 1971 చట్టంలో ఉంది, చూసుకోండి.

గొంగడి (స్వాన్సీ) | 10 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1:20

మాది పాలమూరు. మా తాత గొర్ల కాపరి. నేను ఇక్కడ కంప్యూటర్ ముందు కూర్చుంటాను గానీ గొర్ల సంగతి వస్తే ఊరుకోలేను.

కుక్క కరవక్కర్లేదు. ఉరికిస్తే చాలు. సూడి గొర్రె భయంతో ఉరికితే కడుపులో పిల్ల పోతుంది. మంద మొత్తం ఒక మూలకి తోసుకుంటే కింద పడ్డవి ఊపిరాడక చస్తాయి. నా చిన్నతనంలో ఒక రాత్రి మా దొడ్డి మీద ఊరకుక్కలు పడ్డాయి. తెల్లారి తాత ఒక్కో పిల్లని కాళ్ళు పట్టి లేపి చూస్తున్నాడు. పదకొండు లేవలేదు. ఒంటి మీద ఒక్క గాటు లేదు వాటికి.

ఇక్కడి కొండల మీద చాలాచోట్ల కంచెలుండవు. ఏ మంద ఏ వాలు మీద మేయాలో తల్లి వెంట తిరిగి పిల్ల నేర్చుకుంటుంది. వెల్ష్‌లో దాన్ని ‘కనెవిన్’ అంటారు. మంద చెదిరిందంటే ఆ నేర్పు చెదిరినట్టే, మళ్ళీ అలవాటు చేయడానికి ఏళ్ళు పడుతుంది. లాబ్రడార్ అన్నా, వేల్స్‌లో మనుషులకన్నా గొర్లు దాదాపు మూడింతలు. మెజారిటీ వాటిదే.

రెండు లాబ్రడార్లు (మాంచెస్టర్) | 10 ఫిబ్రవరి, రాత్రి 9:02

సరే, 48 గంటల సంగతి నాకు నిజంగా తెలియదు. తాతగారి మాట చదివాక వాదించాలని లేదు. కొండ మీద లీష్ వేస్తాను. బీచ్‌లో మాత్రం వదుల్తా, అక్కడ గొర్రెలుండవుగా.

పెనుగొండ పిల్ల (కార్డిఫ్) | 10 ఫిబ్రవరి, రాత్రి 9:10

బీచ్‌లో ఇంకో గొడవ. చాలా బీచ్‌ల్లో మే 1 నుంచి సెప్టెంబర్ 30 దాకా కుక్కలకి నిషేధం, కొన్నిచోట్ల సగం బీచ్‌లో మాత్రమే. బోర్డు చూసుకుని దిగండి. పెంబ్రోక్‌షైర్‌లో బారఫండల్ లాంటివి ఏడాదంతా రానిస్తాయి. బ్రూనో వాళ్ళు ఏప్రిల్లో వెళ్తున్నారు కాబట్టి ఆ బాధ లేదు. అబరిస్ట్‌విత్ దాకా వెళ్ళి సముద్రం చూపించి రావచ్చు.

కుక్కంటే భయం (లెస్టర్) | 11 ఫిబ్రవరి, ఉదయం 11:45

అత్తయ్యగారికి నా సంపూర్ణ మద్దతు.

మాకు కుక్క లేదు. పోయినేడు చూసుకోకుండా డాగ్ ఫ్రెండ్లీ ఇల్లే బుక్ చేశాం. తలుపు తీయగానే శుభ్రంగానే ఉంది. హీటింగ్ వేసిన అరగంటకి కార్పెట్‌లోంచి తడికుక్క వాసన లేచింది. ఓనర్‌ని అనడానికి లేదు, ఆవిడ కడిగే పెట్టింది. గోడలంత పాత కార్పెట్ అది. కాబట్టి నా సలహా, కింది అంతస్తులో పలకరాయి నేల ఉన్న ఇల్లు చూసుకోండి. తుడిస్తే పోతుంది. ఫొటోల్లో కార్పెట్ కనిపిస్తే వదిలేయండి.

సోలిహల్ సుబ్బు | 11 ఫిబ్రవరి, సాయంత్రం 6:38

ఈలన్ వ్యాలీ పేరు వింటే ఆగలేక రాస్తున్నా. మేం మూడుసార్లు వెళ్ళాం. మా బర్మింగ్‌హామ్ వాళ్ళు తాగే నీళ్ళు అక్కడివే తెలుసా? 1893లో ఆనకట్టల పని మొదలుపెట్టి 1904లో నీళ్ళు వదిలారు. 73 మైళ్ళ కాలువ, మధ్యలో పంపు లేదు, వాలు మీదే నడుచుకుంటూ వస్తాయి. అక్కడ బయల్దేరిన చుక్క మా ఊరు చేరడానికి ఒకటిన్నర రోజు. నేను మా పిల్లలకి కుళాయి తిప్పి ‘మొన్నటి వాన’ అని చూపిస్తుంటా. మా ఆవిడ నవ్వుతుంది.

కుక్కతో నడవడానికి ఈలన్ వ్యాలీ ట్రెయిల్ పట్టుకోండి. ఆనకట్టలు కట్టేటప్పుడు రాళ్ళు మోసిన రైలు దారి అది, పట్టాలు తీసేసి బాట చేశారు. రేయడర్ శివార్ల నుంచి పైనున్న క్రైగ్ గోఖ్ ఆనకట్ట దాకా తొమ్మిది మైళ్ళు. రైలు దారి కాబట్టి ఎక్కడా నిట్టనిలువు ఎక్కుడు ఉండదు. మామయ్యగారు నడవగలరు, బాబు స్కూటర్ వేసుకోవచ్చు. మొత్తం నడవక్కర్లేదు, మధ్యలో కారు పెట్టుకునే చోట్లున్నాయి.

రాత్రుళ్ళు బయటికి రండి. అక్కడి ఎస్టేటుకి 2015లో డార్క్ స్కై పార్క్ అని, అంటే రాత్రి ఆకాశం బాగా చీకటిగా ఉండే చోటని, గుర్తింపు ఇచ్చారు. అమావాస్య చూసుకుని వెళ్తే పాలపుంత కనిపిస్తుంది. ఇంక వాన. ఏడాదికి 1800 మిల్లీమీటర్ల పైచిలుకు, అంటే మన హైదరాబాద్‌కి రెండింతల పైనే. ఊరికే ఆనకట్టలు కట్టలేదు కదా. ఒక్కొక్కరికి రెండు జతల బూట్లు, కుక్కకి నాలుగు తువ్వాళ్ళు.

చివరాఖరిది. ఊళ్ళలో చాలా రోడ్ల మీద స్పీడు 20 మైళ్ళే, 2023 సెప్టెంబర్ నుంచి. నాకు తెలిసిన ఇద్దరికి జరిమానా ఉత్తరాలొచ్చాయి.

కర్నూలోడు (బ్రిస్టల్) | 11 ఫిబ్రవరి, రాత్రి 11:17

సుబ్బు గారూ, కాలువ సంగతి చెప్పారు, కింద ఏముందో చెప్పలేదు. ఆ చెరువుల అడుగున ఇళ్ళు, బడి, చర్చి ఉన్నాయి. వందమంది దాకా ఖాళీ చేయించారు. నష్టపరిహారం భూస్వాములకే దక్కింది, కౌలుకున్నోళ్ళకి ఏమీ లేదు. మా అమ్మమ్మ వాళ్ళది శ్రీశైలం ముంపు ఊరు. ఎండాకాలం నీళ్ళు తగ్గితే గుడి పైభాగం కనపడేది, బస్సు ఆపించుకుని చూసేవాళ్ళం. ఈలన్‌లో ఆనకట్ట మీద నిలబడ్డప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. చూసిరండి, బాగుంటుంది. కాకపోతే ఊరికే చెప్పాలనిపించింది.

సోలిహల్ సుబ్బు | 12 ఫిబ్రవరి, ఉదయం 6:50

ఇది నాకు తెలియదన్నా. ఈసారి పిల్లలకి ఇది కూడా చెప్తాను.

వాణి (వెట్ నర్స్, అంటే జంతువుల ఆసుపత్రిలో నర్సు) | 12 ఫిబ్రవరి, రాత్రి 8:26

అందరూ గొర్రెల గురించే చెప్పారు. నేను వంటింటి గురించి చెప్తాను.

ఇలాంటి ఇళ్ళల్లో దిగగానే బల్ల మీద ఒక ట్రే ఉంటుంది. పాలు, టీ పొట్లాలు, మీ కుక్కకి నాలుగు బిస్కెట్లు, మీకు ఒక ప్లేటు వెల్ష్ కేకులు. పెనం మీద కాల్చే చిన్న బిళ్ళలు, చక్కెర చల్లి ఉంటాయి, చాలా రుచి. వాటి నిండా ఎండుద్రాక్షే. ద్రాక్ష, కిస్మిస్ కుక్కలకి విషం. ఎంత తింటే ప్రమాదమో లెక్క చెప్పలేం. ఒక కుక్క గుప్పెడు తిని బాగానే ఉంటుంది, ఇంకో కుక్కకి కొద్దిపాటికే కిడ్నీలు దెబ్బతింటాయి. పోయిన వేసవిలో మా దగ్గరికి ఒక కుటుంబం వచ్చింది. సెలవు మొదటి రోజు, పెట్టెలు దించుతుండగా వాళ్ళ కుక్క ప్లేటు మొత్తం నాకేసింది. రెండు గంటల్లోపు వచ్చారు కాబట్టి వాంతి చేయించి, రెండు రోజులు సెలైన్ పెట్టి పంపాం. ఆలస్యమైతే వేరేలా ఉండేది.

మన వంటలకీ ఇదే మాట. ఉల్లి, వెల్లుల్లి పడవు. పరమాన్నంలో కిస్మిస్. పిల్లలు బల్ల కింద నుంచి పెడతారు, వాళ్ళకి ముందే చెప్పండి. తాతయ్యలకి ఇంకా ముందు చెప్పండి.

పిడుదుల కాలం కూడా మొదలవుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే చెవుల వెనక, చంకల్లో, కాలివేళ్ళ మధ్య వేళ్ళు పెట్టి తడమండి. దొరికితే నూనె పోయడం, అగ్గిపుల్ల అంటించడం చేయొద్దు. కొక్కెంలా ఉండే ప్లాస్టిక్ పుల్ల ఏ పెట్ షాపులోనైనా దొరుకుతుంది, దాంతో తిప్పి తీయాలి. వెళ్ళేముందు బద్దెపురుగు మందు వేయించండి, పొలంలో చచ్చిన గొర్రె కనపడితే దగ్గరికి పోనివ్వద్దు. ఎండ కాసే రోజు బండల దగ్గర అడ్డర్ పాములు పడుకుంటాయి. ఈ దేశంలో విషమున్న పాము అదొక్కటే, మన రక్తపింజర కుటుంబం.

అక్కడికి దగ్గర్లో రాత్రుళ్ళు చూసే వెట్ ఎవరో కనుక్కుని నంబరు కాగితం మీద రాసుకోండి. కాగితం మీదే, ఎందుకంటే అక్కడ సిగ్నల్ ఉండదు.

మోడరేటర్ | 13 ఫిబ్రవరి, ఉదయం 9:00

పాతకాలపు ఇనప స్టవ్ మీద ప్రెషర్ కుక్కర్ విజిల్ వస్తుందా రాదా అన్న పద్నాలుగు పోస్టుల్ని వంటల విభాగంలోకి మార్చాం. అక్కడ కానివ్వండి.

బ్రూనో వాళ్ళ నాన్న (రెడింగ్) | 16 ఫిబ్రవరి, సాయంత్రం 4:44

ఓనర్‌కి ఫోన్ చేశాను. పెద్దావిడ. గేటు కింద ఖాళీ అడిగితే ‘ఆగు’ అని వెళ్ళి స్కేలుతో కొలిచి వచ్చి, నాలుగంగుళాలు అని చెప్పింది. కుక్క కంటి ఎత్తులో ఫొటో కూడా పంపింది, ఫొటోలో సగం ఆవిడ బూటే. కింద పలకరాయి నేలట. వంటింటికి తలుపుందా అంటే, ఉంది, స్టేబుల్ డోర్ అంది. అదేంటో అర్థం కాలేదు గానీ తలుపంటూ ఉందిగా అని ఊరుకున్నా. ఏప్రిల్ 5 నుంచి 12 దాకా బుక్ చేశాం.

మధ్యలో ఆరున శ్రీరామనవమి. అత్తయ్యగారు ఇప్పటికే బెల్లం కొనిపించారు.

బ్రూనో వాళ్ళ నాన్న (రెడింగ్) | 14 ఏప్రిల్ 2025, రాత్రి 9:30

వెళ్ళొచ్చాం. ఏమైందో చెప్పకపోతే బాగోదు కదా, కూర్చున్నాను.

ముందు వాన గురించి. సుబ్బు గారూ, ఒక్క చుక్క పడలేదు. ఏడు రోజులూ ఎండే. పగలు స్వెట్టర్ తీసేశాం, రాత్రి మాత్రం గడ్డి మీద మంచు పేరుకునేది. పన్నెండు జతల బూట్లు డిక్కీలో అలాగే వెళ్ళి అలాగే వచ్చాయి. మా ఆవిడ ఇంకా ఆ విషయం ఎత్తుతూనే ఉంది.

రేయడర్ దాటాక మ్యాప్ మమ్మల్ని ఒక సందులోకి తీసుకెళ్ళింది. రెండు వైపులా పొదలు అద్దాలకి రాసుకుంటున్నాయి. ఎదురుగా ట్రాక్టరు. నేను పావుమైలు వెనక్కి నడిపాను, మామయ్యగారు అద్దం దించి ‘రానీ, రానీ’ అంటుండగా. రోడ్డు మీద తెల్లక్షరాలతో రాసుంటుంది కదా, పాప దాన్ని చదివి ‘అరఫ్ అంటే ఏంటి నాన్నా’ అంది. నెమ్మది అని చెప్పా. బ్రూనో అప్పుడు ట్రాక్టర్ని చూసి కొంప మునిగినట్టు మొరుగుతున్నాడు.

ఇంటి దారిలో నేలలో గొయ్యి తవ్వి, పైన ఇనప కడ్డీలు వరసగా పేర్చి ఉంది. గొర్రెలు దాటకుండా. కారు దాటుతుంది. మర్నాడు నడిచి వెళ్తూ బ్రూనోని దాని మీదుగా లాగబోయాను. ముందు కాలు కడ్డీల మధ్య దిగింది. వాడు కదల్లేదు, నా వంక చూశాడు అంతే. నా గుండె ఆగినంత పనైంది. మోకాళ్ళ మీద కూర్చుని మెల్లగా పైకి తీశాను, చర్మం కాస్త గీసుకుంది. పక్కనే మనుషులకి, కుక్కలకి చిన్న గేటు ఉంది. నేను చూసుకోలేదు. ఇది ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నా.

ట్రేలో వెల్ష్ కేకులు ఉన్నాయి. వాణి గారూ, తలుపు తీసిన వెంటనే మా ఆవిడ బ్యాగులు వదిలేసి పరిగెత్తి ఆ ప్లేటు ఫ్రిజ్ పైన పెట్టింది. ఓనరమ్మ పక్కనే ఉంది, తన వంటకి ఇంత గౌరవమా అనుకుని ఉంటుంది. బాత్రూంలో సెప్టిక్ ట్యాంక్ గురించి ఒక నోటీసు, వంటింట్లో ఇంకొకటి: సింకులో నూనె పోయవద్దు. అత్తయ్యగారు గారెల నూనె ఏడు రోజులూ ఒక సీసాలో పట్టి వెనక్కి తెచ్చారు. ఎం4 హైవే మీద ఆ సీసా ఎవరి ఒళ్ళో ఉండాలన్నది పెద్ద చర్చ.

ఇప్పుడు స్టేబుల్ డోర్. గుర్రాల కొట్టం తలుపులా అడ్డంగా రెండు ముక్కలు. కింది సగం మూసి, పై సగం తెరిచి ఉంచుకోవచ్చు. వంటింటికీ హాలుకీ మధ్య ఉంది. అత్తయ్యగారు లోపల గారెలు వేస్తుంటే బ్రూనో అటువైపు నిలబడి రెండు ముందుకాళ్ళు సగం తలుపు మీద పెట్టి చూసేవాడు, టిక్కెట్ కౌంటర్ ముందు మనిషిలా. ఆవిడ మొదటి రోజు పట్టించుకోలేదు. నవమి నాడు పానకం, వడపప్పు చేశారు. పానకంలో మిరియాలు ఎక్కువైనాయని మామయ్యగారు అన్నారు, ఆ చలికి అదే బాగుంది. వడపప్పు ఒక చెంచా తలుపు మీదుగా కిందికి వేసి, ఎవరూ చూడలేదనుకున్నారు. బాబు చూశాడు.

గోడ సంగతి. మూడో రోజు పొద్దున నేను కాఫీ తాగుతుంటే తోటలో గొర్రెపిల్ల. నాలుగంగుళాల సందులోంచి లోపలికి వచ్చేసింది. పెనుగొండ పిల్ల గారూ, గొర్రెలు లోపలికి రావని మీరన్న మాట తప్పండీ. బ్రూనోకి పొడవాటి తాడు కట్టి ఉంది, చివర మామయ్యగారు. వాడు ఒక్క గెంతు వేశాడు, తాడు బిగిసింది, మామయ్యగారు గడ్డి మీద కూర్చున్నారు గానీ తాడు వదల్లేదు. అవతల తల్లిగొర్రె గోడకి మొహం ఆనించి అరుస్తోంది. ఇవతల పిల్ల అరుస్తోంది. బ్రూనో ఊళ. నేను వాడిని ఎత్తుకుని లోపల పడేసి, ఓనరమ్మ ఇచ్చిన ల్యాండ్‌లైన్ నుంచి ఫోన్ చేస్తే పక్క పొలం రైతు నాలుగు చక్రాల బండి మీద ఐదు నిమిషాల్లో వచ్చాడు. పిల్లని ముందుకాళ్ళు పట్టి లేపి, గోడ అవతల దించాడు. తల్లి వెంటనే దాని తోక వాసన చూసి పాలివ్వడం మొదలెట్టింది.

మామయ్యగారు తెనాలి దగ్గర ముప్పై ఏళ్ళు వ్యవసాయం చేసిన మనిషి. ఇంగ్లీషు నాలుగు మాటలు. వాళ్ళిద్దరూ గోడకి చెరోవైపు ఆనుకుని గంటసేపు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. వేళ్ళ మీద లెక్కలు, చేతులతో కొలతలు. రైతు వెళ్తూ మామయ్యగారి చేత ఒక కూలిన రాయి గోడలో పెట్టించాడు. ఎక్కడ బోర్లించాలో, ఎక్కడ చిన్న రాయి దోపాలో చూపించి మరీ. మిగతా నాలుగు రోజులూ ఆయన పొద్దున లేవగానే ఆ రాయి చూసి వచ్చేవారు.

ట్రెయిల్ రెండు ముక్కలుగా నడిచాం. పైన గద్దలు తిరుగుతుంటే మామయ్యగారు కోడిపిల్లల్ని దాచమన్నట్టు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. కర్నూలన్నా, కాబన్ కోఖ్ ఆనకట్ట దగ్గర అందరం ఆగాం. పాపకి మీరు రాసింది చదివి వినిపించాను. ‘బడి కూడా మునిగిందా’ అంది. అవునన్నాను. కాసేపు నీళ్ళలోకి చూసింది, తర్వాత ఐస్‌క్రీం అడిగింది.

నక్షత్రాలు: నవమి చంద్రుడు ఉన్నాడు కాబట్టి పాలపుంత కనపడలేదు. చుట్టూ ఒక్క దీపం లేకపోవడంతో వెన్నెల్లో మా నీడలు గడ్డి మీద తెలిసేవి. అత్తయ్యగారు ఆరుబయట కుర్చీ వేయించుకుని, దుప్పటి కప్పుకుని కూర్చున్నారు. బ్రూనో ఆవిడ కాళ్ళ దగ్గర. బయటే కదా, వంటిల్లు కాదుగా అన్నారు.

పెనుగొండ పిల్ల (కార్డిఫ్) | 14 ఏప్రిల్, రాత్రి 9:58

గొర్రెపిల్లకి నాలుగంగుళాలు చాలని నాకు తట్టలేదు, నాదే పొరపాటు. ఇకనుంచి గేటు కింద ఖాళీ అడిగి, అక్కడ ఒక పలక అడ్డం పెట్టమని కూడా అడుగుదాం. బ్రూనో కాలు ఎలా ఉంది?

బ్రూనో వాళ్ళ నాన్న (రెడింగ్) | 14 ఏప్రిల్, రాత్రి 10:03

మానిపోయింది. కుంటడం మాత్రం ఆపలేదు, కుంటితే బిస్కెట్ వస్తుందని కనిపెట్టాడు.

రెండు లాబ్రడార్లు (మాంచెస్టర్) | 15 ఏప్రిల్, ఉదయం 7:15

మేం కూడా వెళ్ళొచ్చాం, ఉత్తరాన బెత్‌గెలెర్ట్. రెండు మీటర్ల లీష్‌లు కొన్నాను, రిపోర్ట్ ఇస్తున్నా. అక్కడ ఏటి ఒడ్డున ఒక కుక్క సమాధి ఉంది. దాని కథేంటంటే, ఒక రాజు వేట నుంచి వచ్చేసరికి ఉయ్యాల బోర్లాపడి ఉంటుంది, కుక్క మూతి నిండా రక్తం. బిడ్డని చంపిందనుకుని కుక్కని పొడిచేస్తాడు. తీరా చూస్తే బిడ్డ ఉయ్యాల కింద క్షేమం, పక్కన చచ్చిన తోడేలు. మా అబ్బాయి కారెక్కేదాకా ఏడ్చాడు. ఆ సమాధి 18వ శతాబ్దం చివర్లో అక్కడి హోటలాయన జనాన్ని రప్పించడానికి పెట్టించాడని చెబితే ఇంకా ఏడ్చాడు.

గొంగడి (స్వాన్సీ) | 15 ఏప్రిల్, ఉదయం 8:40

అన్నా, ఇది మన పంచతంత్రంలో ముంగిస కథ కదా. తోడేలు బదులు పాము, రాజు బదులు బ్రాహ్మణుడి భార్య. నీళ్ళ కుండ ముంగిస మీద పడేస్తుంది. లీష్‌లు కొన్నందుకు థ్యాంక్స్.

కుక్కంటే భయం (లెస్టర్) | 15 ఏప్రిల్, మధ్యాహ్నం 12:22

అంతా బాగుంది. నాకు ఒకటే డౌటు. అత్తయ్యగారు రెడింగ్ వచ్చాక ఏమంటున్నారు? బేబీ గేటు తీసేశారా?

బ్రూనో వాళ్ళ నాన్న (రెడింగ్) | 15 ఏప్రిల్, రాత్రి 8:51

తీయలేదు. వంటిల్లు వంటిల్లేనట. కానీ ఆ సగం తలుపు ఆవిడకి తెగ నచ్చింది. తెనాలి ఇంటికి వీధి వైపు అలాంటిది పెట్టిస్తే గాలి వస్తుంది, కోళ్ళు రావు అని లెక్క వేశారు. ఫొటో తీయించి అక్కడి వడ్రంగికి వాట్సాప్‌లో పంపారు. అతను ఇందాకే ఫోన్ చేశాడు: ‘తలుపు మధ్యకి విరిగినట్టుందమ్మా, కొత్తది చేసిపెట్టమంటారా?’